ఆకుపచ్చ మంట

మార్చి 14, ఉదయం.

అబ్బాయీ,

నువ్వు ఫోన్ ఎత్తడం లేదు కాబట్టి ఆసుపత్రి నుంచే మనిషి చేత ఈ ఉత్తరం నీ షాపుకు పంపుతున్నాను. మీ మెకానిక్ ఆక్సిజన్ మీద ఉన్నాడు. నువ్వేమో రాత్రి డాక్టరుతో వడదెబ్బ అన్నావట.

జరిగింది అతనే ఆయాసపడుతూ చెప్పాడు. పాత ఏసీలోని గ్యాసు బయట వదిలితే పక్కవాళ్లు గొడవ చేస్తారని, తలుపులు మూయించి గదిలోనే వదిలించావు. అది పోకముందే గొట్టం అతకడానికి అతను వెల్డింగ్ టార్చి వెలిగించాడు.

"మంట ఆకుపచ్చగా మారింది సారూ, సిగ్నల్ ఇచ్చేసింది" అని నవ్వాడట.

"అయితే ఆగకు, కానివ్వు" అన్నావట నువ్వు.

కెమిస్ట్రీ టీచరునైన నాకు మనవడివి. గాలిలో ఆ గ్యాసు ఉందని చెప్పే హెచ్చరిక ఆ రంగు అని తెలియదా? ఆ గ్యాసులో క్లోరిన్ ఉంటుంది. మంట తగిలితే ఫాస్జీన్ లాంటి విషవాయువులు పుడతాయి. పీల్చినప్పుడు దగ్గు వచ్చి తగ్గుతుంది, కొన్ని గంటలకు ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. మంట తగలకుండా పైకి పోయినా ఓజోన్ పొరను తినేస్తుంది. గ్యాసును సిలిండర్‌లోకి లాగే యంత్రం నేను కొనిపెడితే, దాని మీద టీ గ్లాసులు పెట్టుకున్నావు.

డాక్టరుకు నేను నిజం చెప్పాను. "రాత్రే తెలిసుంటే బాగుండేది" అన్నాడు. మెకానిక్ బతుకుతాడో లేదో ఇంకా తేలలేదు.

ఇక నువ్వు చేయాల్సినవి:

1. షాపు మూసి వెంటనే ఇక్కడికి రా.

2. మిగిలిన పాత ఏసీల్లో గ్యాసు ఆ యంత్రంతోనే తీయించు. అప్పటిదాకా ఎవరూ వాటిని ముట్టకూడదు.

3. ఎండలో తిరిగాడని అతని భార్య ఇంకా అతన్నే తిట్టుకుంటోంది. జరిగింది ఆమెకు నువ్వే చెప్పాలి. ఆమె ఏమన్నా తల వంచుకుని విను. నేను పక్కనే ఉంటాను, నీ తరఫున మాత్రం మాట్లాడను.