తెల్ల చీటీ మీద బొట్టు

1989, దసరా తర్వాతి సోమవారం. జహీరాబాద్.

ఆ నంబరు ఇక దొరకదు. స్టోర్సులోని నా కంప్యూటరును ఆఫీసులోని పెద్ద కంప్యూటరుతో కలపాలంటే దాని నెట్‌వర్క్ కార్డు నంబరు కావాలట. హైదరాబాదు నుంచి ఇంజనీరు ట్రంకాల్‌లో అడిగాడు.

"కార్డు మీద తెల్ల చీటీ ఉంటది సార్. పన్నెండు అక్షరాలు. జర చదవున్రి."

మూత విప్పితే చీటీ నిండా ఎండిన కుంకుమ. ఆయుధపూజ నాడు, ఇంకా బిగించక ముందే, కార్డును పీట మీద పెట్టి బొట్టు పెట్టింది నేనే. తడిగుడ్డతో తుడిచాను. కుంకుమతో పాటు అచ్చు కూడా ఊడొచ్చింది. మొదటి నాలుగు అక్షరాలే మిగిలాయి.

"ఫికర్ చెయ్యకున్రి, డబ్బాల ఫ్లాపీ ఉంటది. అది నడిపితే మిషనే చెప్తది."

ఆ ఫ్లాపీ మీద కూడా ఆ రోజే పసుపునీళ్లు చల్లాను. ఎన్నిసార్లు పెట్టినా గరగరమంది తప్ప చదవలేదు. విదేశం నుంచి ఇంకోటి రావడానికి నెల పడుతుందన్నాడు ఇంజనీరు.

మేనేజరు అరవలేదు. అరిచినా బాగుండేది.

"నెల దాంక ఎవరు ఆగుతరయ్యా? మిషన్ వాపస్ పంపుత. నువ్వు మల్ల గోదాముకే పో."

పదకొండేళ్లు ఆ సిమెంటు దుమ్ములో దగ్గాను. మళ్లీ అక్కడికే.

ఈ కుర్చీ నాకే ఉండాలని మొక్కుకుంటూ ఆ బొట్టు పెట్టాను. ఆకుపచ్చ కార్డు మీద సరిగ్గా కనిపించదని, వెతికి మరీ ఆ తెల్ల చీటీ మీదే పెట్టాను.