మూర్ఛ అని నేను చెప్పిన సాక్ష్యం

నూజివీడు రెవెన్యూ డివిజనల్ అధికారి వారి సముఖమునకు,

ఎర్రదిబ్బగూడెం కాపురస్తుడు, ఆర్టీసీలో డ్రైవరుగా పనిచేసి రిటైరైనవాడు, ప్రస్తుతం సదరు గ్రామ చర్చికి కార్యదర్శి మరియు వ్యాను డ్రైవరు అయిన గంటా చిన్నరాయప్ప, వయస్సు 63 సంవత్సరములు, వ్రాసుకొను అర్జీ.

విషయం: మామిడి తోట కూలి రమణమ్మ (భర్త సుబ్బారావు) మరణంపై జరిగిన విచారణలో నేను ఇచ్చిన వాంగ్మూలం అబద్ధమైనందున దానిని రద్దుపరచి, పాతిపెట్టిన దేహమును వెలికితీయించి పరీక్ష జరిపించుట గురించి.

అయ్యా,

1. మా చర్చి తరఫున రెండు విధములైన పరిచర్య జరుగుచున్నది. మొదటిది స్థానిక పరిచర్య. బుధవారం, ఆదివారం సాయంత్రం వేళల్లో నేను చర్చి వ్యాను తీసుకుని తోటల్లో షెడ్లు వేసుకుని ఉండే కూలీల దగ్గరకు వెళ్తాను. ఒక పాట, ఒక చిన్న ప్రసంగం, ఆ తరువాత జ్వరం బిళ్లలు, బీపీ బిళ్లలు, దెబ్బలకు కట్లు. ఆరేళ్ల నుండి ఇది నా పని. రెండవది విదేశీ పరిచర్య. మా సంఘం నుండి మొట్టమొదటిసారిగా ఈ సంవత్సరం జనవరి ఆఖరి ఆదివారం నాడు షాలోమి అనే అమ్మాయిని ఆఫ్రికాలోని మలావీ దేశానికి, అక్కడి ఒక మిషన్ ఆసుపత్రిలో నర్సుగా పంపించాము. ఆమె మా పక్కింటి పిల్ల. నన్ను బాబాయ్ అని పిలుస్తుంది.

2. మరణించిన రమణమ్మది మైలవరం వైపు. భర్తతోను, ఏడో తరగతి చదివే కూతురు అనూషతోను గుత్తదారు ప్రభాకరరావు గారి తోటలో షెడ్డులో ఉండేది. మా కూడికకు అందరికన్నా ముందు వచ్చి చాప పరిచేది. మా మతంలో కలవమని నేను రెండు మూడుసార్లు అడిగాను. "మీ దేవుడికీ ఒక దండం, మా దేవుడికీ ఒక దండం. డ్రైవరు గారూ, ముందు ఆ బీపీ బిళ్లలివ్వండి, అన్నం దింపాలి" అని నవ్వేది. ఆరేళ్లలో ఆమెకు మూర్ఛ రావడం నేను ఒక్కసారి కూడా చూడలేదు. ఆమెకు మూర్ఛ ఉన్నదని ఎవరూ నాతో చెప్పలేదు. ఈ వాక్యమును తమరు ప్రత్యేకముగా గమనించవలెను.

3. పైన చెప్పిన ఆదివారం ఉదయం సదరు తోటలో పూత మీద తేనెమంచు పురుగుకు మందు కొడుతున్నారు. రమణమ్మ డ్రమ్ములో చేతులతో మందు కలుపుచుండగా మోటారు పైపు ఊడి ఆమె తల మొదలు పాదాల వరకు తడిసింది. చేతికి తొడుగు గాని, ముఖానికి గుడ్డ గాని ఇవ్వలేదు. డ్రమ్ము అయిపోయాక కడుక్కోవచ్చని మేస్త్రీ అన్నాడట. ఆమె తడిబట్టలతోనే ఇంకో గంట పనిచేసింది. ఆ తరువాత కళ్లు కనబడటం లేదని కూర్చుండిపోయింది.

4. అదే సమయమున చర్చిలో షాలోమిని సాగనంపే ఆరాధన జరుగుచున్నది. ప్రభాకరరావు గారు ముఖ్య అతిథి. వ్యానుకు ముందు బంతిపూల దండ, పక్కన "ఎర్రదిబ్బగూడెం నుండి ఆఫ్రికాకు" అని బ్యానరు. గన్నవరం విమానాశ్రయానికి అమ్మాయిని అందులోనే తీసుకెళ్లాలి. సీట్లకు ముందురోజు నేనే కొత్త తెల్లగుడ్డలు తొడిగాను. పదకొండూ ఇరవైకి సుబ్బారావు ఎవరిదో సైకిలు తొక్కుకుంటూ గేటు దగ్గరకు వచ్చాడు. తోటలో ఫోన్లు కలవవు. ఆదివారం కావడంతో అటువైపు ఆటోలు లేవు.

"డ్రైవరు గారండీ, మా ఆడమనిషి పడిపోయిందండీ. నోట్లోంచి నురగ వస్తోందండీ. ఒక్కసారి బండి తియ్యండి" అన్నాడు.

"పది నిమిషాలు ఆగు సుబ్బారావూ, ప్రార్థన అయిపోవచ్చింది" అన్నాను.

లోపలికి వెళ్లాను. షాలోమి మోకాళ్ల మీద ఉంది. పెద్దలందరూ ఆమె తల మీద చేతులు పెట్టి ప్రార్థిస్తున్నారు. పాస్టర్ పాల్ రాజు గారి చెవిలో చెప్పాను. ఆయన కళ్లు తెరవకుండానే ఆగమని వేలు చూపించారు. నేను ఆగాను.

అయ్యా, పాస్టరు గారు ఆగమన్నారని వ్రాసి ఇక్కడితో ముగించవచ్చు. నూజివీడు కోర్టు దగ్గర అర్జీలు వ్రాసే ఆయన కూడా అదే సలహా ఇచ్చాడు. "మీ పేరు ఇందులో దేనికండీ, గుత్తదారు మీద రాద్దాం, చాలు" అన్నాడు. అందుకే ఆయన చేత వ్రాయించకుండా నేనే వ్రాసుకుంటున్నాను. బండి తాళం నా జేబులోనే ఉంది. నేను ఎవరినీ అడగనవసరం లేదు. నురగ అని సుబ్బారావు అన్నప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది సీట్ల మీది తెల్లగుడ్డలు. ఆమె వాంతి చేసుకుంటే అవి పాడవుతాయి, మళ్లీ మార్చే టైము ఉండదు అనుకున్నాను. ముప్పై ఒక్క సంవత్సరాలు బస్సు నడిపినవాణ్ణి. ప్రాణం మీదికొచ్చిన మనిషిని ఎక్కించుకుని రూటు మార్చి ఆసుపత్రికి తోలిన రోజులున్నాయి నాకు. ఆ రోజు మాత్రం గుడ్డల గురించి ఆలోచించాను.

5. ప్రార్థన ముగిసేసరికి సరిగ్గా పన్నెండు. నలభై నిమిషాలు. అప్పుడు పాస్టరు గారు "త్వరగా ఆమెను ఆసుపత్రిలో దింపేసి రండి, విమానానికి ఆలస్యమవుద్ది" అన్నారు. కిలోమీటరున్నర దూరం, అయిదు నిమిషాల్లో వెళ్లాను. ఆమె డ్రమ్ము పక్కన బురదలో పడి ఉంది. ఒళ్లంతా చెమటలు, కళ్లలో నల్లగుడ్డు సూది మొనంత అయిపోయింది. మందు వాసన. ఊపిరి గురగురలాడుతోంది. సుబ్బారావు, నేను ఎత్తి సీటు మీద పడుకోబెట్టాము. నూజివీడు ఇంకా మూడు కిలోమీటర్లు ఉందనగా ఆ గురగుర ఆగిపోయింది. సుబ్బారావు "రమణా, రమణా" అని పిలుస్తూనే ఉన్నాడు. ఆమెను ఆ పేరుతో పిలవడం నేను అప్పుడే విన్నాను.

అంతలో ప్రభాకరరావు గారి నుండి ఫోను. సంగతి చెప్పాను. "ప్రాణం లేకపోతే ఇంకా ఆసుపత్రి ఎందుకయ్యా? వెనక్కి తిప్పు" అన్నారు. తిప్పాను.

6. ఆమెను షెడ్డు దగ్గర దింపి వచ్చి, ఆ మధ్యాహ్నమే పాడైన తెల్లగుడ్డలు తీసేసి, సీటు కడిగి, పాత దుప్పటి పరిచి, షాలోమిని గన్నవరం తీసుకెళ్లాను. దారిలో అమ్మాయి అడిగింది.

"బాబాయ్, బండిలో మందు వాసన వస్తోందేంటి?"

"తోటల్లో కొడుతున్నారు తల్లీ. గాలికి" అన్నాను.

నురగ మాట విని, తోట కూలి ఒకామె మూర్ఛ వచ్చి చనిపోయిందని మాత్రమే చర్చిలో చెప్పుకున్నారు. అంతకుమించి అమ్మాయికి తెలియదు.

7. మరునాడు ఈ మరణంపై విచారణకు పోలీసులు, రెవెన్యూ వాళ్లు వచ్చారు. దానికి ముందు పాస్టరు గారు నన్ను చర్చి వెనుక గదిలోకి పిలిచి మాట్లాడారు. ఆయన మాటలు ఉన్నవి ఉన్నట్టుగా వ్రాయుచున్నాను. "రాయప్ప గారూ, మందు అని రాస్తే ప్రభాకరరావు గారి మీదికి పోద్ది. ఆయన కాదంటే రేపట్నుంచి ఏ తోటలోనూ మన వ్యాను అడుగుపెట్టదు. పోయిన ఒక్క మనిషి కోసం వందల ఆత్మల్ని వదులుకుంటామా?" ఆయన చెడ్డవాడని నేను అనడం లేదు. అన్నప్పుడు ఆయన కళ్లలో నీళ్లున్నాయి. నాకు కూడా ఆ మాట సబబుగానే తోచింది.

విచారణకు వచ్చినాయన "మీరు వారం వారం వెళ్లి మందులిస్తారంట కదా, మీకే తెలియాలి" అని నన్నే అడిగాడు. "సదరు రమణమ్మకు చాలాకాలముగా మూర్ఛ వ్యాధి కలదు, ఈ సంగతి నాకు స్వయముగా తెలియును" అని చెప్పి సంతకం చేశాను. ఇన్నాళ్ల సేవ చూసి నా మాట నమ్మారు. సుబ్బారావుకు ఆమెను కోస్తారన్న భయం పెట్టి ఆయన చేత కూడా సంతకం చేయించాము. పోస్టుమార్టం జరగలేదు.

8. ఊరు కాని ఊరు వాళ్లు గనుక పాతిపెట్టడానికి స్థలం లేకపోతే మా సమాధుల తోటలో మూలన చోటు ఇచ్చాము. దీనిని మా సంఘ వార్షిక నివేదికలో "స్థానిక పరిచర్య: ఒక నిరుపేద హిందూ సోదరికి సమాధి స్థలము" అనియు, దాని కిందనే "విదేశీ పరిచర్య: ఒక నర్సు" అనియు అచ్చు వేయించారు. కార్యదర్శిగా ఆ నివేదికను అందరి ముందు చదివింది నేనే. చప్పట్లు కొట్టారు.

9. మార్చి రెండవ వారంలో షాలోమి మలావీ నుండి ఫోను చేసింది. సంతోషంగా ఉంది. "బాబాయ్, నిన్న ఒకాయన్ని తీసుకొచ్చారు. పొలంలో పురుగుమందు ఒంటి మీద పడిందంట. సైకిలు వెనక కట్టి రెండు గంటలు తొక్కుకుంటూ తెచ్చారు. నురగ, చెమటలు, కంటిపాప సూదిమొనంత. బట్టలు విప్పేసి సబ్బుతో కడిగి, ఇంజెక్షన్లు చేస్తూ కూర్చున్నాం. పొద్దున లేచి గంజి తాగాడు బాబాయ్!" అంది.

"ఏంటి, వినపడటం లేదా?" అంది. అప్పుడు అంతా చెప్పేశాను. పైపు ఊడిన సంగతి దగ్గర నుండి సంతకం వరకు. లైను తెగిపోయిందేమో అనుకున్నాను.

"సుబ్బారావు గేటు దగ్గరికి వచ్చినప్పుడు నేను లోపలే ఉన్నాను కదా బాబాయ్?"

"ఉన్నావమ్మా."

"నేను నర్సుని. మీరంతా నా తల మీద చెయ్యి పెట్టి దేని కోసం ప్రార్థించారు? ఒక్క మాట నాతో చెప్పుంటే లేచి పరుగెత్తుకొచ్చేదాన్ని కదా!"

ఆ అమ్మాయి ఏడుస్తుంటే వెనకాల వాళ్ల భాషలో ఎవరో ఏమైందని అడుగుతున్నారు. అన్ని వేల మైళ్ల దూరంలో ఉన్న ఆ మనిషికి ఆమె ఏమని చెబుతుంది?

10. మరునాడు నేను షెడ్డుకు వెళ్లి సుబ్బారావుకు నిజం చెప్పాను. మూర్ఛ కాదని ఆయనకు తెలుసు. నా జేబులో తాళం ఉన్నదని మాత్రం తెలియదు.

"పది నిమిషాలన్నారు కదండీ" అన్నాడు. "గేటు దగ్గర నిలబడితే లోపల గోడ గడియారం కనపడుద్దండీ. పది అయింది. ఇరవై అయింది. పెద్దోళ్లు, దేవుడి పనిలో ఉన్నారు, మళ్లీ అడిగితే కోప్పడతారేమో అని ఊరుకున్నానండీ. నేనైనా లోపలికి వచ్చి అరవాల్సింది."

తప్పు తన మీద వేసుకుంటున్నాడు అయ్యా. ఈ అర్జీకి అదే కారణం. నేను నోరు విప్పకపోతే ఆ మనిషి తాను అరవనందుకే భార్య చనిపోయిందని బ్రతికినంతకాలం అనుకుంటాడు.

11. ఈ సంగతులు పాస్టరు గారికి ముందే తెలియజేసితిని. ఆయన నన్ను కార్యదర్శి పదవి నుండి తొలగించి వ్యాను తాళం తీసుకున్నారు. అది ఫిర్యాదు కాదు, సమాచారం నిమిత్తం మాత్రమే. మందు వాసన అంటిన దుప్పటిని నా భార్య విజయరాణి ఉతకకుండా మూటకట్టి దాచింది. ఎందుకు దాచావని నేను అప్పట్లో అడగలేదు. ఆమె చెప్పలేదు. దానిని కూడా ఈ అర్జీతో పాటు దాఖలు చేయుచున్నాను.

కావున తమరు దయయుంచి,

(అ) నా వాంగ్మూలమును రద్దుచేసి, అబద్ధం చెప్పినందుకు చట్టప్రకారం నా మీద తీసుకోవలసిన చర్య తీసుకొనవలెననియు,

(ఆ) సుబ్బారావు అంగీకార పత్రము జతపరచితిని గనుక దేహమును వెలికితీయించి పరీక్షకు పంపవలెననియు, ఆ సమయమున నేను స్వయముగా హాజరై స్థలమును చూపించెదననియు,

(ఇ) తోటల్లో మందు కొట్టే కూలీలకు తొడుగులు, సబ్బు, నీళ్లు లేకుండా పని చేయించకుండా కట్టుదిట్టం చేయవలెననియు, వచ్చే పూతకి మళ్లీ మందు కొడతారు గనుక దీనిని ఆలస్యం చేయరాదనియు,

ప్రార్థించుచున్నాను. ప్రార్థన అన్న మాట వ్రాయడానికి చెయ్యి ఆడలేదు గానీ అర్జీల్లో ఇంకో మాట నాకు తెలియదు. ఈ కాగితములు గుమస్తాల చేతుల మీదనే ఆగిపోకుండా తమరే చిత్తగించవలెను.

ఇట్లు,
ఆలస్యముగానైనా తమ విధేయుడు,
గంటా చిన్నరాయప్ప

జతపరచినవి: సుబ్బారావు అంగీకార పత్రము, షాలోమి మలావీ నుండి పంపిన వాంగ్మూలము, దుప్పటి ఒకటి.

తా.క. అర్జీ ముగించి సుబ్బారావుకు చదివి వినిపించాను. ఆయన, అనూష ఇద్దరూ విన్నారు. తవ్వే రోజున నేను ఉంటానని వ్రాసిన చోట ఆయన ఆపమన్నాడు.

"మీరు ఉంటారాండీ అక్కడ?"

"ఉంటాను సుబ్బారావూ. చోటు నేనే చూపించాలి కదా."

"మీరు మాత్రం రావొద్దండీ" అన్నాడు. కోపంగా అనలేదు. అనూష నా వైపు చూడలేదు.

అందుచేత (ఆ)లో నేను హాజరవుతానని వ్రాసిన మాట కొట్టివేయవలెను. చోటు ఇక్కడ వ్రాస్తున్నాను. సమాధుల తోట గేటు దాటి ఎడమ చేతి గోడ వెంట చివరిదాకా నడవాలి. అక్కడ సిలువ లేదు, పేరు లేదు. నాలుగు పక్కల నాలుగు ఇటుకలు పెట్టి ఉంటాయి. నేల మెత్తగానే ఉంటుంది. గడ్డపార నెమ్మదిగా వేయమని తవ్వేవాళ్లతో చెప్పండి.