గంట తర్వాతే చాయ్

చెల్లె సుజాతకు,

కడుపుతో ఉన్న నీ బిడ్డ మౌనికకు ఎనిమిదో నెల పడింది. ఎల్లారెడ్డి దవాఖానలో రక్తం పరీక్ష చేయించుకుని ఇప్పుడే వచ్చాం. మూడో నెలలో ఎనిమిదే ఉన్న రక్తం ఇప్పుడు పదకొండున్నర ఉందట. ఈ మాట ముందు నీకే చెప్పాలనిపించింది.

మౌనిక నీ కడుపులో ఉన్నప్పుడు నువ్వు రక్తం గోలీలు ఒక్కరోజూ మానలేదు. బీడీలు చుడుతూనే, "గోలి మింగితే నోరంతా ఇనుము వాసనొస్తది, జెర చాయ్ ఇయ్యక్కా" అనేదానివి. నీ పెళ్లికి పేరు కొట్టించి పెట్టిన స్టీలు గ్లాసులో రోజూ నేనే పోసి ఇచ్చాను. అన్ని గోలీలు మింగినా నీ ఒంట్లో రక్తం ఎందుకు లేదో, కాన్పులో నువ్వు పోయాక కూడా మాకెవరికీ అర్థం కాలేదు.

మౌనికను మొదటిసారి చూపించిన రోజు నర్సమ్మ చెప్పింది. "చాయ్‌తోటి ఏసుకుంటే గోలి బలం ఒంటికి పట్టదమ్మా."

ఆ రోజు నేను బీడీల చాట ముట్టలేదు. మర్నాటి నుంచి గోలి నా కళ్లముందే మింగిస్తున్నాను, నీ గ్లాసులో నిమ్మకాయ నీళ్లు కలిపి.

ఇందాక గోలి మింగగానే, "పదకొండున్నర అయింది గద పెద్దమ్మా, ఇగనన్నా చాయ్ ఇయ్యరాదు" అంది.

"గంట కానియ్యి" అన్నాను. అచ్చం నీలాగే మూతి ముడిచింది.

కాన్పుకు కామారెడ్డి తీసుకుపోతాను. సంచిలో ముందు పెట్టేది నీ గ్లాసే. దాంట్లో చాయ్ పోయక ఐదు నెలలైంది.

నీ అక్క