స్టేషన్ దాకా నడిచానన్నావే!

తమ్ముడూ,

నువ్వు పోయి నాలుగు నెలలైంది. బాగున్నావా అని అడగను. నీ మీద పట్టరాని కోపంగా ఉంది, అది చెప్పడానికే రాస్తున్నాను.

కాలువ నీళ్లొచ్చాక రాయచూరుకు వచ్చే వడ్లు పెరిగాయి, మిల్లులూ పెరిగాయి. ఆ ఊక దుమ్ములో పన్నెండేళ్లు పనిచేసి ఊపిరితిత్తులు పాడుచేసుకున్నావు. డాక్టరు గారు నీ పని మాన్పించి, నా చేతిలో ఒక నోటుబుక్కు పెట్టారు. రోజూ నువ్వు ఎంత దూరం నడిచావో, ఆయాసంతో ఎక్కడెక్కడ ఆగావో రాయమన్నారు.

సాయంత్రం వచ్చి గుమ్మంలో నిలబడి ఏమనేవాడివి? "స్టేషన్ దాంక పోయొచ్చిన అక్కా. ఒక్క తాన గూడ ఆగలే. రాస్కో." రాశాను. నిన్ను స్టేషన్ దగ్గర చూశామని పక్కింటివాళ్లు కూడా అన్నారు. మురిసిపోయి నీకు ఇంకో రొట్టె వేశాను. దద్దమ్మని!

ఆ బుక్కు చూసి డాక్టరు గారూ మురిసిపోయారు. తేలిక పని చేసుకోవచ్చని చీటీ రాసిచ్చారు. నువ్వు తిన్నగా పోయి బస్తాలెత్తావు. తొమ్మిదో రోజున మిల్లులోనే కుప్పకూలావు...

దినాలయ్యాక టాంగా తోలే సాయిబు వచ్చి ఏడ్చాడు. రోజూ నిన్ను స్టేషన్‌కు తీసుకెళ్లి, తిరిగి తెచ్చి మన సందు మొదట్లో దించేవాడట. నాకు చెప్పనని ఒట్టు వేయించుకున్నావట. ఛీ! నా దగ్గరా నీ నాటకాలు?

ఎందుకో తెలుసులే. "నువ్వు బట్టలు కుట్టి తెస్తే నేను ఎన్నొద్దులు కూసోని తినాలె?" అనేవాడివి. తింటే ఏం పోయేదిరా? నేనెప్పుడైనా ఒక మాట అన్నానా? అన్నానేమో...

నిన్న డాక్టరు గారు కబురు పెడితే వెళ్లాను. అంత బాగా నడిచినవాడివి ఎలా పోయావో ఆయనకు ఇప్పటికీ అంతుపట్టడం లేదు. మీ మిల్లులో దగ్గుతున్న ఆరుగురికి కూడా అలాంటి బుక్కులే ఇచ్చారట, ఇంట్లో రాయించుకు రమ్మని. వాళ్లకూ పని కావాలి కదా. వాళ్లేం రాయిస్తారో నాకు తెలియదా? అయినా నీ పరువు గుర్తొచ్చి నోరు మెదపలేదు. ఇంటికొచ్చి నన్ను నేనే తిట్టుకున్నాను.

రేపు పొద్దున్నే ఆయన దగ్గరికి మళ్లీ వెళ్తాను. వాళ్లను మీ కళ్లముందు నడిపించి చూసుకోండి, మాట నమ్మి చీటీలు ఇవ్వకండి అని చెబుతాను. ఎందుకని అడుగుతారు. నా తమ్ముడు అబద్ధాలకోరని, ఆ రాతంతా నాదేనని నా నోటితోనే చెబుతాను.

నీకు కోపమొస్తే రానీ. నాకున్నంత రాదులే.

నీ అక్క