శనివారం మా వీధి ప్రశాంతత

నగర పార్కింగ్ విభాగం అధికారి గారికి,

మా వీధిలో ఇక్కడ ఉండేవాళ్ల కార్లే ఆపాలని మీరు బోర్డు పెట్టించాక శనివారాలు మహా ప్రశాంతంగా ఉన్నాయి. మాకు కారు లేదు కనుక ఇంటి ముందు ఖాళీ జాగా చూసుకుని మురిసిపోతున్నాం.

మంచం దిగలేని మా ఆయన వెర్నన్‌కే మీ మేలు అర్థం కావడం లేదు. ఇదివరకు శనివారాలు పక్క స్టేడియంలో ఫుట్‌బాల్ మ్యాచ్ అయ్యాక జనం మా వీధిలో ఆపిన కార్ల కోసం మా కిటికీ ముందుకే వచ్చేవారు. "ఏమయ్యా, ఏమైంది?" అని ఈయన కేకేసేవారు. "గెలిచాం పెద్దాయనా, మన గోల్‌కీపర్ నిద్రపోయినా సరే" అని ఎవరో ఒకరు చెప్పేవారు. రేడియో పెడతానంటే, "అది నాతో వాదించదుగా" అంటారు.

కారు ఆపే చోటు లేక ఇప్పుడు మ్యాచ్‌కి జనమే రావడం లేదు. గోల్‌కీపర్ ఎవర్ని తిడుతున్నాడో స్టేడియం నుంచి మా వంటింట్లోకి వినిపిస్తోంది.

మొన్న వీధిలో కనిపించిన ఒకే ఒక్క మనిషిని, జరిమానా చీటీలు అంటించే మీ నెవిల్‌ని, ఈయన స్కోరు అడిగారు.

"నాకేం తెలుసు పెద్దాయనా. నా పెళ్లినాడు కూడా మ్యాచ్ మానలేదు. ఇప్పుడేమో శనివారాలు ఇక్కడ డ్యూటీ వేశారు. చీటీ అంటిద్దామంటే ఒక్క కారూ లేదు."

బోర్డు తీయమని అడగను, ప్రశాంతత పోతుంది. వచ్చే శనివారం నెవిల్‌ని మ్యాచ్‌కి పంపి, అటునుంచి మా కిటికీ దగ్గరకు రమ్మనండి. కారులోనే రావచ్చు. మా ఇంటికొచ్చే చుట్టాల కోసం మీరిచ్చిన పార్కింగ్ పాసు ఇంకా కవరు కూడా విప్పలేదు.

ఇట్లు,
పదకొండో నంబరు ఇంటావిడ