అందరికీ ఒకే కాగితం

జగ్గయ్యపేట
6 అక్టోబరు 2024, ఆదివారం. తెల్లవారుజాము నుంచి ముసురు. పెంకుల సందులోంచి కారుతుంటే పట్టా కప్పాను.

ప్రియమైన తమ్ముడు జయరాజ్‌కు,

నా నంబరు చూస్తే నువ్వు ఫోను ఎత్తవు. అందుకని ఉత్తరం.

నా పైపళ్ళు రెండు కదులుతున్నాయి. నవంబరు నాలుగున తీసేస్తామన్నారు. ఆ తర్వాత ట్రంపెట్ నా పెదవికి నిలవదు. నవంబరు రెండున, సమాధుల పండగకి, అమ్మ సమాధి దగ్గర ఆఖరుసారి వాయించాలని ఉంది. పక్కన నువ్వు ఉండాలి.

పదకొండేళ్ళ కిందట అమ్మను సాగనంపిన రోజు నీకు గుర్తుచేయక్కర్లేదు. నీ కొత్త శాక్సఫోన్ వచ్చి నాలుగు రోజులే. సమాధుల తోట గేటు దగ్గర నీ పాట చెడిందని, జనం ముందు దాన్ని నీ నోటి నుంచి లాగేశాను. "అమ్మ ముందైనా శ్రుతిలో వాయించలేవట్రా, చెవిటి వెధవా" అన్నాను.

తప్పు నీది కాదు. చర్చిలో కీబోర్డు వాయించే జాయిస్, బ్యాంకు ఉద్యోగి, పోయిన ఆదివారం విడమర్చి చెప్పింది. నా ట్రంపెట్‌లో సి అనే స్వరం ఊదితే కీబోర్డు మీది బి ఫ్లాట్ పలుకుతుంది. నీ శాక్సఫోన్‌లో అదే సి ఊదితే ఇ ఫ్లాట్ పలుకుతుంది. కీబోర్డు పలికేదే అందరికీ కొలత, దాన్నే కాన్సర్ట్ పిచ్ అంటారట. కాబట్టి వాయిద్యాన్ని బట్టి స్వరాల కాగితం మార్చి రాయాలి. నా దాంట్లో సి ఉన్నచోట నీ దాంట్లో జి ఉండాలి. నేను నా కాగితాన్నే జెరాక్స్ తీయించి అందరికీ పంచాను. మన బ్యాండు మేళంలో క్లారినెట్లు నా ట్రంపెట్ లాంటివే కాబట్టి వాళ్ళకు సరిపోయింది. నీకొక్కడికే సరిపోలేదు.

నీ కాగితం మార్చి రాసి ఇందులో పెట్టాను. రా.

నీ అన్న
సొలొమోను


నందిగామ
13 అక్టోబరు

అన్నయ్యకు,

కాగితం అందింది. దసరా బట్టలు కుట్టడం మొన్నటితో తెమిలింది. ఇవాళ తీరిక దొరికింది.

ఆ రోజు మొదటి చరణం నేను కాగితం చూడకుండా చెవితో వాయించాను. నీతో కలిసింది. నువ్వే నా వేళ్ళు చూసి, "ఏందిరా ఆ వేళ్ళు? కాగితం చూసి ఊదు" అన్నావు. అన్న మాట కాదనలేక చూశాను. అప్పుడు చెడింది.

అది పోనీ. రెండేళ్ళ కిందట క్రిస్మస్ ఊరేగింపుకు మీ మేళం మా ఊరు వచ్చింది. టీకొట్టు పక్కన నిలబడి విన్నాను. మీ మేళం కుర్రాడు రూబెన్ చేతిలో ఉన్నది నా లాంటి శాక్సఫోనే. నీతో చక్కగా కలిసింది. మేళం టీకి ఆగినప్పుడు వాడి కాగితం చూశాను. నీ చేతిరాత. నీ దాంట్లో సి ఉన్నచోట వాడి దాంట్లో జి ఉంది.

జాయిస్ చెప్పింది మొన్న కదా. మరి ఆ కాగితం ఎవరు రాశారు?

నేను రాను.

జయరాజ్


జగ్గయ్యపేట
20 అక్టోబరు, ఆదివారం. ఎండ కాసింది. బ్యాండు కోట్లు ఉతికి ఆరేశాను.

తమ్ముడికి,

నేనే రాశాను. నాకు పదేళ్ళుగా తెలుసు. రూబెన్ మేళంలో చేరిన ఏడాది, వాడి శాక్సఫోన్ బాగుచేయించడానికి బెజవాడ వెళ్ళాను. అక్కడి మెకానిక్ నవ్వాడు. "దీనికీ మీ ట్రంపెట్టుకీ ఒకటే కాగితమా మాస్టారూ? అట్టా అయితే జన్మలో కలవవండీ" అన్నాడు. తిరిగొచ్చే బస్సు నందిగామలో పది నిమిషాలు ఆగింది. నేను దిగలేదు.

నాకు పాఠం చెప్పినవాళ్ళు లేరు. ఒక పాత పుస్తకం ముందేసుకుని ఒక్కొక్క గుర్తూ నేర్చుకున్నాను. ఆ చదువే తప్పని తేలితే నన్ను మాస్టారని ఎవరంటారనుకున్నాను. రోజూ ఎండా వానా కూడా డైరీలో రాసుకునేవాణ్ణి, ఇది మాత్రం రాయలేదు. జాయిస్ చెబుతుంటే కొత్త సంగతి విన్నట్టు తలూపాను. నీకూ అలాగే రాశాను.

ఈ ఉదయం ఆరాధన అయ్యాక లేచి అందరికీ చెప్పాను. నాలుగు మాటలే. రూబెన్ మెల్లగా, "అయితే ఇన్నాళ్ళూ నేనూదింది జయరాజన్న కాగితమా మాస్టారూ?" అన్నాడు. దేవమణి పిన్ని మాత్రం ముఖానే అంది. "ఆ చెవి మా అక్కదిరా. నీకు రాలా, వాడికొచ్చింది. ఆ సంగతీ నీకు తెలుసు."

రమ్మని అడిగే ముఖం నాకు లేదు. నిజం నీకు చేరాలని రాశాను.

సొలొమోను


నందిగామ
28 అక్టోబరు

అన్నయ్యా,

శాక్సఫోన్ అటక మీద నుంచి దించాను. మీటల కింది మెత్తలు రెండు ఎండి పగిలాయి. కుట్టు షాపులో ఉన్న పల్చటి తోలు కత్తిరించి అంటించాను. మొదటి రోజు గాలి తప్ప ఏమీ రాలేదు. రెండో రోజు నీ మరదలు రూబీ వంటింట్లోంచి, "కుక్క ఏడుస్తందనుకున్నా" అంది. నాలుగో రోజుకి "ఇప్పుడు మనిషే" అంది.

వస్తాను. నువ్వు పంపిన కాగితం మాత్రం తేను. మొదటి చరణం నేనొక్కణ్ణే, చెవితో. నువ్వు నిలబడి వినాలి. రెండో చరణానికి కలుపు.

జయరాజ్


జగ్గయ్యపేట
2 నవంబరు, శనివారం. పొద్దున మంచు, తర్వాత ఎండ. మీరు రాకముందే అమ్మ సమాధికి సున్నం వేశాను.

ప్రియమైన జయరాజ్‌కు,

నువ్వూ రూబీ బస్సెక్కి గంటయింది. ఎదురుగా ఉన్నప్పుడు చెప్పలేకపోయాను.

మొదటి చరణం అయ్యాక నువ్వు ఆగి నా వైపు చూశావు. ట్రంపెట్ పెదవి దాకా వచ్చింది. దించేశాను. పళ్ళ నొప్పి అనుకుని రూబెన్ నీళ్ళు తెచ్చాడు. నొప్పి కాదు. ఆ రోజు నీ దగ్గర లాగేసుకున్నది రెండో చరణమే. అందులో నేను కలవకూడదనిపించింది. నువ్వు కాసేపు చూసి, కళ్ళు మూసుకుని ఊదావు. చివరిదాకా ఊదావు. ఇంత దగ్గరగా నిలబడి, వేళ్ళు చూడకుండా నీ పాట వినడం నాకు ఇదే మొదటిసారి.

అలా నేను ఆఖరుసారి వాయించింది పోయిన నెల చందర్లపాడులో ఎవరి పెళ్ళిలోనో అయిపోయింది. అలాగే కానీ.

మేళం ఇకనుంచి ఎవరు నడపాలో రూబెన్ అడుగుతున్నాడు. కాగితాలు నేను రాసిపెడతాను, సరిచూడాల్సింది నీ చెవి. ఆలోచించు, తొందర లేదు. ఎల్లుండి తొమ్మిదింటికి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. చీకటి పడుతోంది, లేచి కోళ్ళను గూట్లోకి తోలాలి.

నీ అన్న
సొలొమోను