తీసేసిన చుక్కలు

రష్యా సారూ,

మీకు పంపిన చీర పార్సిల్, ఆ పేరుతో ఆఫీసే లేదని పోయిన వారం తిరిగి గద్వాలకే వచ్చింది. ఈ ఉత్తరమూ చేరదని తెలిసే రాస్తున్నాను.

మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు మీరు మద్రాసులోని మీ దేశపు ఆఫీసులో చిన్న ఆఫీసరు. మగ్గం గుంట పక్కన కూర్చుని ఒక్కో పనిముట్టు పేరూ తెలుగులో నేర్చుకున్నారు. తర్వాత ఏ దేశానికి బదిలీ అయినా, ప్రమోషన్ వచ్చిన ప్రతిసారీ మీ ఇంట్లో అమ్మగారికి నాతోనే చీర నేయించారు. రాయబారినయ్యానని పోయిన ఏడాది రాస్తే, సంతోషం పట్టలేక, మీరు అడగకుండానే కొంగు నిండా మీ జెండా మీది అయిదు మొనల చుక్క నేశాను. చీర మగ్గం దిగేసరికి మీ దేశమే ముక్కలై లేకుండా పోయింది. అయినా మీ పాత ఆఫీసు చిరునామాకే పంపాను.

"గీ సుక్కలు తీసేస్తే నేనే తీస్కుంట," అన్నాడు, ఊళ్లో మా చీరలు కొనే సేటు. ఇంట్లో పట్టుపోగు లేదు. నా భార్య దవాఖానలో ఉంది. సూదితో ఒక్కో పోగూ లాగేశాను. దారం వచ్చేసింది గానీ, గుడ్డలో చుక్క ఆకారంలోనే సందులు మిగిలాయి.

"గిప్పుడు గిది ఎవలు కట్టుకుంటరు?" అని సేటు చీరను నా ఒళ్లో పడేశాడు.

సారూ, జెండా దించిన మర్నాడు మీరు ఆఫీసుకు వెళ్లారా? ఎవరి రాయబారినని చెప్పారు? రేపు పొద్దున నేనూ గుంటలోకి దిగి కూర్చోవాలి, పోగు లేని మగ్గం ముందు.